మాది బెజవాడ, ఎండ మాకు కొత్తా అనేవాళ్లకి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కి వస్తున్నాం, బెజవాడ ఎండ చూసిన మాకు అక్కడి ఎండ ఒక లెక్కా, కరెంటు బిల్లు సంగతేంటి అని మీరడిగిన ప్రశ్న చదివి నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ల కిందట ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో దిగినప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. రోహిణి కార్తె చూసినవాళ్లం, అరిజోనా ఎండ మనల్ని ఏం చేస్తుంది అని. వచ్చిన మూడో రోజే మిట్టమధ్యాహ్నం కిలోమీటరున్నర దూరంలో ఉన్న కొట్టుకి నడిచి వెళ్లాను. ఉక్కపోత లేదు, చొక్కా తడవలేదు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఆ రాత్రంతా తలనొప్పి, వాంతులు.

మోసమంతా అక్కడే ఉంది. బెజవాడలో చెమట ధారగా కారి, ఇక నీడకి వెళ్లమని ఒళ్లే చెబుతుంది. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టు తెలియకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు పోతున్నా తెలీదు. అందుకే దాహం వేసేదాకా ఆగకండి. కారులో ఎప్పుడూ నీళ్లుండాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగకి మించింది నాకింకా కనబడలేదు.

2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జులై 30 దాకా 31 రోజులు వరసగా పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన సెల్సియస్ లెక్కలో 43. ఆ మరుసటి ఏడు 113 రోజులు వరసగా పగటి ఎండ 100కి తగ్గలేదు. పగలు సరే, రాత్రి పదింటికి డాబా మీద పడుకున్నట్టు చల్లబడుతుందనుకుంటారేమో, జులైలో ఆ ఆశ పెట్టుకోకండి. కుళాయిలో చన్నీళ్ల వైపు తిప్పినా వేణ్ణీళ్లే వస్తాయి. సీటు బెల్టు బకిల్ చురుక్కుమంటుంది. కారు బ్యాటరీ రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తుంది, దానికి టెన్షన్ పడకండి, అందరికీ అంతే.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పేది అమ్మానాన్నల సంగతి. మే నెలలో టికెట్లు కొని వాళ్లని పిలిపించకండి. నేను చేసిన తప్పది. మా నాన్నగారు జూన్ అంతా ఏసీ కింద కూర్చుని టీవీ చూశారు. "ఇదేం ఊర్రా, రోడ్డు మీద కుక్క కూడా లేదు" అన్నారు. ఒక సాయంత్రం కుక్క కనబడింది కానీ దాని నాలుగు కాళ్లకీ బూట్లున్నాయి. తారు రోడ్డు కాలుతుంది మరి. ఇది చూశాక ఆయన ఇంకేమీ అనలేదు. రెండోసారి డిసెంబరులో రప్పించాను. పొద్దున్నే స్వెట్టరేసుకుని కాలవ గట్టు వెంట రోజూ మూడు మైళ్లు నడిచారు. చాండ్లర్‌లో బడులు ఎలాగూ జులైలోనే తెరుస్తారు, అక్టోబరులోనూ మార్చిలోనూ రెండేసి వారాలు సెలవులిస్తారు. మనవలతో గడపడానికి అదే అదను. ఉగాది వేళకి నారింజ పూల వాసన వీధంతా ఉంటుంది.

మనకున్న ఒక అలవాటు మాత్రం ఇక్కడ మార్చుకోవాలి. చెప్పులు గుమ్మం బయట వదలకండి. తేళ్లు దూరతాయి. ఇక్కడి బార్క్ స్కార్పియన్ చిన్నదే, కానీ దాని కాటు పిల్లలకి ప్రమాదం. అతినీలలోహిత (యూవీ) టార్చి ఒకటి కొని రాత్రిపూట గోడల మీద వేసి చూడండి, తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ ఆ వారమంతా నిద్రపోలేదు.

వర్షాకాలం జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా. వాన కన్నా ముందు దుమ్ము వస్తుంది. హబూబ్ అంటారు, గోడలాగా లేచి ఊరిని కప్పేస్తుంది. కారులో ఉంటే రోడ్డు దిగి బాగా పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీంచి కాలు తీసేయండి. లైట్లు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు మీరు ముందు పోతున్నారనుకుని వచ్చి గుద్దుతాడు. ఒకసారి పెరట్లో గుమ్మడి వడియాలు పెట్టాం. ఇక్కడ ఒక్క రోజులో గలగలా ఎండిపోతాయి కదా అని మురిసిపోయాం. సాయంత్రానికి దుమ్మొచ్చి మొత్తం చెత్తలో పోశాం. ఆ మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం వల్ల వ్యాలీ ఫీవర్ వస్తుంది. దగ్గు, నీరసం వారాల తరబడి తగ్గకపోతే మామూలు జలుబని వదిలేయకుండా డాక్టరుని ఆ పరీక్ష అడగండి.

కరెంటు బిల్లు గురించి అడిగారు కదా. ప్లాను తీసుకునే ముందు ఏ గంటల్లో రేటు ఎక్కువో చూసుకోండి. ఏపీఎస్ అనే ఇక్కడి కరెంటు కంపెనీ ప్లాన్లలో ఒకదానికి పనిరోజుల్లో సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటెక్కువ. మేం మూడింటికే ఇల్లు బాగా చల్లబరచి ఏసీ ఆపేస్తాం. గ్రైండరు, వాషింగ్ మెషీను ఏడు దాటాకే.

ఒక సుఖం కూడా ఉందిక్కడ. అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప ఎక్కడా గడియారం ముందుకీ వెనక్కీ తిప్పరు. ఏడాది పొడుగునా ఇండియాకి పన్నెండున్నర గంటల తేడానే. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే ఇంటి దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. మా అమ్మకి ఈ లెక్క ఒక్కసారి చెప్పాను, ఇక ఎప్పుడూ తప్పుడు వేళకి ఫోన్ చెయ్యలేదు. న్యూయార్క్ వాళ్లతో మీటింగులుంటే మాత్రం చలికాలం రెండు గంటలు, వేసవిలో మూడు అని గుర్తుపెట్టుకోండి.

నూలు బట్టలు నాలుగు జతలు ఎక్కువే తెచ్చుకోండి. గొడుగు కూడా. ఎండకి గొడుగేసుకుంటే ఇక్కడివాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.