బాబేసియా ఈక్వై, థైలేరియా ఈక్వై: రెండు పేర్లు, ఒకే జీవి

మీ గుర్రం పాత రక్తపరీక్ష నివేదికలో బాబేసియా ఈక్వై అనీ, కొత్తదానిలో థైలేరియా ఈక్వై అనీ ఉండటంతో రెండు జబ్బులు సోకాయేమోనని మీరు అడిగారు. ఆ రెండు పేర్లూ ఒకే పరాన్నజీవివి. ఎర్ర రక్తకణాలలో కనిపిస్తుంది కాబట్టి దానిని చాలాకాలం బాబేసియా ప్రజాతిలో ఉంచారు. కాని పిడుదు కాటుతో గుర్రంలోకి ప్రవేశించాక అది ముందుగా తెల్ల రక్తకణాలలో వృద్ధి చెంది, ఆ తరువాతే ఎర్రకణాలకు చేరుతుందని తేలినందున, 1998లో మెల్‌హార్న్, షైన్ అనే శాస్త్రవేత్తలు దానిని థైలేరియాకు మార్చారు. నా దృష్టిలో ఈ మార్పు ఎంతో సముచితమైనది.

గుర్రాలలో నిజమైన బాబేసియా జాతి కబాలై. అది నేరుగా ఎర్రకణాలలోకే చొరబడుతుంది, ఆడ పిడుదు గుడ్ల ద్వారా తరువాతి తరం పిడుదులకూ సంక్రమిస్తుంది. స్లైడులో పెద్ద బేరిపండు ఆకారపు జంటలు కబాలైని, శిలువలా కూడిన నాలుగు చిన్న కణాలు ఈక్వైని సూచిస్తాయి.

గుర్రాల రక్తంలోనే కనిపించే మరో పరాన్నజీవి, సర్రా వ్యాధి కలిగించే ట్రిపనోసోమా ఇవాన్సై మాత్రం పూర్తిగా వేరే వర్గానిది. 1880లో బ్రిటిష్ పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ నేటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్తించిన ఈ జీవి కొరడాలాంటి కశాభంతో రక్తద్రవంలోనే ఈదుతుంది.

ఇమిడోకార్బ్ మందుకు కబాలై లొంగినంత తేలికగా ఈక్వై లొంగదు కనుక, చికిత్సకు ముందు నివేదికలోని జాతి పేరును పశువైద్యునితో తప్పక నిర్ధారించుకోండి.