టెక్ సందేహాలు: కాంటాక్టర్ ఆఫ్ అయితే బోర్డు రీసెట్!

సందేహం: మా ప్యాకింగ్ మెషీన్‌ను మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్‌తో నడిచే చిప్) బోర్డుతో నడుపుతున్నాం. టేబుల్ మీద రోజంతా బాగానే పనిచేస్తుంది. ప్యానెల్‌లో బిగిస్తే మాత్రం మోటార్ కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) ఆఫ్ అయినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోంది. ఒక్కోసారి ఎల్‌సీడీ మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. బోర్డు మార్చినా అంతే. చివరికి ప్రోగ్రామ్‌లో వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఆగిపోతే చిప్‌ను తానే రీసెట్ చేసే టైమర్) పెట్టాం. ఇప్పుడు హ్యాంగ్ అయినా దానంతటదే లేచి నడుస్తోంది. ఇక పర్వాలేదు కదా?

జవాబు: దానంతటదే లేచి నడుస్తోంది కాబట్టే పర్వాలేదనలేను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

‘ఆఫ్ అయినప్పుడల్లా’ అని మీరే రాశారు. కాంటాక్టర్‌ను లాగి పట్టే కాయిల్‌లో పారుతున్న కరెంటును ఒక్కసారిగా తెంపితే 24 వోల్టుల కాయిల్ చివర్ల మధ్య కూడా వందల వోల్టులు లేస్తాయి. విడిపోతున్న కాంటాక్టుల మధ్య వరసగా నిప్పురవ్వలు పుడతాయి. పరికరం ఇలాంటి పోట్లను తట్టుకుంటుందో లేదో చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-4-4 పరీక్షలో 5 నానోసెకన్లలో లేచే పల్స్‌లను గుంపులుగా వదిలేది ఇలాంటి పరిస్థితిని తెచ్చి చూడటానికే. అంత వేగానికి పక్కనే పోయే ప్రతి వైరూ యాంటెన్నాయే.

కాబట్టి మందు కాయిల్ దగ్గరే వేయాలి. డీసీ కాయిల్ అయితే దాని టెర్మినళ్ల మీదే రివర్స్‌లో ఒక డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం). దీంతో కాంటాక్టర్ విడవడం కాస్త ఆలస్యమవుతుంది. ఏసీ కాయిల్‌కు డయోడ్ పెడితే కాలిపోతుంది, దానికి 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు తగిన రకం) కెపాసిటర్ ఉన్న స్నబ్బర్, అంటే ఆ వోల్టేజీ పోటును అణిచే సర్క్యూట్, కావాలి. ఇవి బోర్డు వైపు పెడితే మధ్యలోని వైరు అంతా రేడియోలా మోగుతూనే ఉంటుంది. సిగ్నల్‌ను వెలుతురుతో దాటించి రెండు సర్క్యూట్లను విడదీసే ఆప్టోకప్లర్ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. దాని రెండు వైపులకూ ఒకే సప్లై, ఒకే గ్రౌండ్ ఇచ్చాక ఇక ఐసొలేషన్ ఎక్కడిది? ఎల్‌సీడీ సంగతి వేరు. 4 బిట్ల పద్ధతిలో ఒక్కో అక్షరం రెండు ముక్కలుగా వెళ్తుంది. ఒక్క దొంగ పల్స్ చాలు, డిస్‌ప్లే లెక్క తప్పుతుంది. చిప్ బాగానే నడుస్తున్నా తెర మీద గందరగోళమే.

ఇక నాకు టెన్షన్ పెట్టే విషయం. వాచ్‌డాగ్ రీసెట్ చేశాక మీ మోటార్ ఏ స్థితిలో ఉంటుంది? రీసెట్‌లో చిప్ పిన్నులు ఆన్, ఆఫ్ ఏదీ కాకుండా గాలిలో వేలాడుతుంటాయి. కాయిల్‌ను నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ను ఆఫ్‌లో పట్టి ఉంచే రెసిస్టర్ లేకపోతే ఏమైనా జరగొచ్చు. ‘లో’ (సున్నా వోల్టుల) సిగ్నల్‌కు ఆన్ అయ్యే రిలే (కాయిల్‌తో పనిచేసే చిన్న స్విచ్) బోర్డులు ఇంకా ఘోరం. చాలా చిప్‌లలో పిన్‌ను అవుట్‌పుట్ చేయగానే అది ‘లో’తో మొదలవుతుంది. ఆ తర్వాత ఎల్‌సీడీని సిద్ధం చేసి, చివర్లో ‘హై’ రాశారనుకోండి, ఆ కాసేపూ రిలే పట్టుకునే ఉంటుంది. ముందు ‘హై’ రాసి, ఆ తర్వాతే అవుట్‌పుట్ చేయండి. జామ్ అయిన ప్యాకెట్టు తీయడానికి ఒకరు చెయ్యి లోపల పెట్టినప్పుడే ఈ రీసెట్ జరగొచ్చు. పైగా ‘ఆగిన చోటి నుంచే మొదలవుతుంది’ అని గొప్పగా చెప్పుకునే ప్రోగ్రాములు! రీసెట్ ఏ కారణంతో అయినా సరే, మనిషి స్టార్ట్ బటన్ నొక్కేదాకా మెషీన్ కదలకూడదు. రీసెట్ కారణాన్ని చాలా చిప్‌లు ఒక రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న మెమరీలో) ఉంచుతాయి. అది లెక్కపెట్టి తెర మీద చూపించండి, లేకపోతే వాచ్‌డాగ్ మీ జబ్బును మీ నుంచే దాస్తుంది.

పచ్చ టెర్మినళ్లు, ప్యానెల్‌లోని లోహపు పట్టీకి తగిలించే డబ్బా పెట్టేసి ‘ఇండస్ట్రియల్’ అని అమ్మే బోర్డుల మీద నాకు నమ్మకం లేదు. ఏ పరీక్షలో ఏ స్థాయి దాటిందో కాగితం మీద చూపించమనండి. సాధారణంగా మాట మారుస్తారు.

మీ ఉత్తరంలో ఎమర్జెన్సీ స్టాప్ ఊసే లేదు. దాని వైరు మైక్రోకంట్రోలర్ ఇన్‌పుట్ పిన్‌కు మాత్రమే వెళ్తుంటే, స్నబ్బర్ కన్నా ముందు దాన్ని మార్పించండి. ఆ బటన్ నొక్కితే చిప్‌తో, ప్రోగ్రామ్‌తో పని లేకుండా కాంటాక్టర్ కాయిల్ సరఫరా నేరుగా తెగాలి.