ఫ్యాన్లు తిరుగుతున్నా కొత్త పీసీలో డిస్‌ప్లే ఎందుకు రాదు?

ముందుగా చూడాల్సింది మానిటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను ఎక్కడ పెట్టారన్నదే: గ్రాఫిక్స్ కార్డు (తెరపై బొమ్మను తయారుచేసే విడి కార్డు) ఉంటే కేబుల్ దానికే ఉండాలి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు సొంతంగా డిస్‌ప్లే ఇవ్వలేవు, కాబట్టి వాటితో మదర్‌బోర్డు మీది డిస్‌ప్లే పోర్టు పనిచేయదు. కడపలో ఒక విద్యార్థి ఐ5-12400ఎఫ్‌తో పీసీ బిగించి, కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టాడనుకోండి. ఎంతసేపు చూసినా ‘నో సిగ్నల్’ అనే వస్తుంది. కేబుల్‌ను కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులోకి మారిస్తే చాలు.

అప్పటికీ రాకపోతే పవర్ పూర్తిగా ఆపి, ర్యామ్‌ను తీసి, టక్కుమని క్లిప్ పడేదాకా నొక్కండి. కొత్త స్లాట్లు బిగుతుగా ఉంటాయి, ర్యామ్ సగం దిగినా పూర్తిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్ల పవర్ వైరు పెట్టడం కూడా మరవద్దు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి లోపల అంతా బాగుందని, తప్పు మానిటర్‌దేనని చాలామంది అనుకుంటారు. ఫ్యాన్ తిరిగితే కరెంటు అందినట్టే గానీ, ప్రాసెసర్ పని మొదలుపెట్టినట్టు కాదు.