పేరు ఒకటే, మొక్కలు రెండు

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ బోటనీ చదువుతున్నాను. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు వాడే మొక్కల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఒకే పేరు చెప్పి ఇద్దరు వేరువేరు మొక్కలు చూపిస్తున్నారు. ఆరబెట్టిన మొక్కలేమో బూజు పడుతున్నాయి. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: ముందు పేర్ల సంగతి. ఆ ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. సరస్వతి ఆకంటే ఒకరు గుండ్రటి ఆకు, అంచున గంట్లు ఉన్న సెంటెల్లాను చూపిస్తారు. ఇంకొకరు కాలవ ఒడ్డున పాకే, చిన్న దళసరి ఆకుల బకోపాను చూపిస్తారు. నేల ఉసిరి మరీ తిరకాసు, ఆ పేరుతో చూపించే రెండు మొక్కలూ ఒకేలా ఉంటాయి. ఫైలాంథస్ అమారస్ కాయ నున్నగా, సన్నటి కాడకు వేలాడుతుంది. ఫైలాంథస్ యూరినేరియా కాయ గరుకు, కాడ దాదాపు ఉండదు. కాయ లేని రెమ్మ తెస్తే తేల్చడం కష్టం. అందుకే రాసుకున్న ప్రతి పేరుకూ పూతో, కాయతో ఉన్న నమూనా ఒకటి, దానికో నంబరు ఉండాలి. నోటు పుస్తకంలోనూ అదే నంబరు వేయండి. పువ్వు రంగు, వాసన, పాలు కారతాయా, గట్టు మీదిదా ఉప్పునేలదా అన్నవి కోసినప్పుడే రాయాలి. ఎండాక ఇవి తెలియవు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లతో ఆగలేదు, మొక్కలకు బొమ్మలు వేయించాడు.

ఇక బూజు. మన తేమకి మొక్కల మధ్య పెట్టే పేపర్లు రోజుకోసారి మారిస్తే చాలదు. మొదటి రెండు మూడు రోజులు పూటపూటా, తర్వాత వారం దాకా రోజూ మార్చండి. పేపర్ల మధ్య మొక్కలను నొక్కి ఉంచే కట్టు (ప్రెస్సు) బిగువుగా ఉండాలి, వదులైతే ఆకు ముడుచుకుపోతుంది. నమూనా అతికించే 42×28 సెంటీమీటర్ల షీటులో పట్టని మొక్కను వి ఆకారంలో మడవండి. ఒక ఆకైనా అడుగువైపు కనపడేలా తిప్పి పెట్టండి. గంగవాయిలి, ఇలకూర లాంటి నీరెక్కువ ఉన్న మొక్కలు ప్రెస్సులోనూ రోజుల తరబడి బతికే ఉండి ఆకులు రాల్చేస్తాయి. పువ్వు తగలకుండా మిగతా భాగాన్ని మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, తుడిచి పెట్టండి. తూటికాడ లోపల బోలు కాబట్టి నిలువుగా చీల్చాలి. గుర్రపు డెక్క కాడలోని ఉబ్బును కూడా అలాగే చీల్చాలి.

పురుగు పట్టకుండా పాత పుస్తకాలు చెప్పే పాదరసం మందు జోలికి పోవద్దు. బాగా ఎండిన షీట్లను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవరు విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ షీట్ల మీద చేరి బూజు మళ్లీ మొదలు.

ప్రశ్న: మనుషులను అడిగేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: మొక్క చేతిలో పెట్టి అడగండి, ఒక్కొక్కరినీ విడిగా. అరుగు మీద అందరినీ కూర్చోబెడితే పెద్దాయన చెప్పిందానికి మిగతావాళ్లు తలూపుతారు. నాటువైద్యుల దగ్గరికే పరిగెత్తకండి, కలుపు తీసే ఆడవాళ్లకు చేలో మొలిచేవి ఎక్కువ తెలుసు. ‘గుప్పెడు ఆకు’ అంటే వాళ్ల చేత్తోనే తీయించి తూకం వేయండి, పచ్చిదా ఎండుదా రాయండి. స్వయంగా వాడినదీ విన్నదీ వేరు వేరు గడుల్లో ఉండాలి. కూరకు, చాపకు, పశువులకు వాడేవీ లెక్కలోకే వస్తాయి.

కోరింగ మడ అడవికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. అక్కడ తిల్ల చెట్టు కొమ్మ విరవద్దు, దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.