స్టాండు ఇంట్లో పెట్టి రా

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు మామియా ఆర్‌బి 67 అనే పెద్ద రీలు కెమెరా కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. దాంతోపాటు స్టాండు కూడా మోసుకుని గంగమ్మ జాతరకు వస్తానన్నావట. ఆ ఒక్క పని మాత్రం చేయకు. జాతర రోజుల్లో తాతయ్యగుంట గుడి చుట్టూ మనిషి పక్కకు తిరగడానికే చోటుండదు. స్టాండు మూడు కాళ్లూ చాపావంటే ఒకటి ఎవరి పొంగలి పొయ్యికో తగులుతుంది, ఒకటి పోలీసాయన బూటు మీద పడుతుంది, మూడోది పట్టుకుని పసిపిల్లలు ఊగుతారు. మర్నాడు చంద్రగిరి కోటకు పోదామన్నా అది పురావస్తు శాఖ వాళ్లది. స్టాండు వేయాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి.

స్టాండు లేకపోతే బొమ్మ కదిలిపోతుందని నీ భయం. ఆ కెమెరా రెండున్నర కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి భయం సహజమే. అయితే బరువు నీకు శత్రువేమీ కాదు. తేలిక కెమెరా వేలు నొక్కితేనే ఉలిక్కిపడుతుంది, ఇది అంత తొందరగా చలించదు. చిక్కంతా దాన్ని చేతుల్లో ఎత్తి పట్టుకుని ఎదురుచూడటంలో ఉంది. రెండు నిమిషాలకే మోచేతులు వణుకు మొదలుపెడతాయి. అందుకే జాతరలో వేషం కట్టినవాడు దగ్గరికి వచ్చేదాకా కెమెరాను మెడ పట్టీకి వదిలెయ్. వెలుతురు కొలత, ఫోకస్ ముందే చూసుకుని ఉంచు.

పట్టీని కెమెరా నీ రొమ్ము ఎత్తున ఆగేంత పొట్టిగా కట్టుకో. తీసేటప్పుడు ఎడమ అరచేయి కెమెరా అడుగున ఉండాలి, మోచేతులు రెండూ పక్కటెముకలకు అంటుకోవాలి. ఇప్పుడు కెమెరాను కిందికి నొక్కు. పట్టీ వీణ తీగలా బిగుసుకోవాలి. ఆపైన తల వంచి కెమెరా పైనున్న భూతద్దానికి కన్ను ఆనించు. మెడ, చేతులు, నుదురు మూడూ కలిసి కెమెరాను పట్టేస్తాయి. నిలువు బొమ్మ కావాలన్నా ఈ పట్టు మార్చక్కర్లేదు, వెనక రీలు ఉండే డబ్బా తిప్పితే చాలు. ఆ సౌకర్యం కోసమే నాకు ఈ కెమెరా అంటే ఇష్టం. ఊపిరి సగం వదిలి ఆపి మీట నొక్కు. నిండా పీల్చి ఆపితే గుండె కొట్టుకోవడం కూడా కెమెరాకు తెలుస్తుంది.

పైనుంచి చూసే గాజు తెరలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయని మరచిపోకు. ఊరేగింపు ఎడమకు పోతుంటే తెరలో కుడికి పోతుంది. కొత్తవాళ్లు దాన్ని వెంబడించబోయి కెమెరాను అటు కాకుండా ఇటు గుంజుతారు. ఇంట్లో ఒక వారం రీలు వేయకుండా, వీధిలో పోయే ఆటోలను చూస్తూ అలవాటు చేసుకో.

ఇప్పుడు అసలు సరంజామా. హార్డ్‌వేర్ దుకాణంలో పావు అంగుళం బోల్టు అడుగు, అంగుళానికి 20 మరలు ఉండేది. కెమెరా అడుగున ఉన్న రంధ్రంలో వేసి చూడు. అందులోకి అయిదు మిల్లీమీటర్లకు మించి పోకుండా నట్టు అడ్డం పెట్టు, లోతుగా బిగిస్తే లోపలి మర చెడిపోతుంది. ఆ బోల్టుకు మంచానికి అల్లే నవారు కట్టి, రెండో కొస కాళ్ల కింద తొక్కిపట్టి కెమెరాను పైకి లాగు. నైలాన్ తాడైతే సాగుతుంది, నవారు సాగదు. పైకీ కిందికీ కదలిక ఆగిపోతుంది. ముందుకూ వెనక్కూ ఊగడాన్ని మాత్రం ఇది ఆపలేదు. దగ్గర నుంచి ముఖం తీసేటప్పుడు ఆ ఊగుడే ఫోకస్‌ను చెడగొడుతుంది. గోడకో స్తంభానికో వీపు ఆనించు.

రెండోది గుడ్డసంచి. ముప్పాతిక మేర బియ్యం పోసి కుట్టేయ్. గోడ మీద పెట్టి, కెమెరాను అందులో కూర్చోబెట్టు. బరువు తగ్గుతుంది కదా అని ఒకసారి బొరుగులు పోశాను. కెమెరా పెట్టగానే కరకరమని నలిగి సంచి చప్పబడింది. ఆ సాయంత్రం ఒక్క బొమ్మా దక్కలేదు, మీ అత్తయ్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఏ గోడైనా పనికొస్తుందనుకోకు. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో పందిరి గుంజకు ఆనుకుని రీలంతా తీశాను. గట్టి గుంజ, నేను కదల్లేదు, వెలుతురూ సరిపోయింది. కడిగి చూస్తే అన్ని బొమ్మలూ రెండేసిగా ఉన్నాయి. పక్కనే డప్పులు వాయిస్తున్నారు, పిల్లలు ఆ పందిరి గుంజలే పట్టుకుని గెంతుతున్నారు. నా ఒంటికి తెలియని అదురు నెగటివ్‌కు తెలిసింది. అప్పటి నుంచి ఎక్కడ కెమెరా పెట్టాలన్నా ముందు టీ గ్లాసు పెడతాను. గోడ మీద గ్లాసు ఉంచి పది లెక్కపెట్టు. టీ మీద వలయాలు లేస్తుంటే అక్కడ వద్దు. రైల్వే స్టేషను పాదచారుల వంతెన మీద టీ ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. కపిలతీర్థం మండపం రాతి స్తంభాల దగ్గర మాత్రం కదలదు. టీ చల్లారకముందే పరీక్ష అయిపోతుంది, తాగేయవచ్చు.

గోడ దొరికాక లోపలి అద్దం సంగతి. పైన తెర మీద బొమ్మను చూపించే అద్దం ఈ కెమెరాలో పెద్దది, బొమ్మ తీసేటప్పుడు అది ఎగిరితే చప్పుడే కాదు, అదురూ ఉంటుంది. లెన్సు మీద చిన్న గుబ్బను ఎన్ నుంచి ఎమ్ వైపు తిప్పి, అందులో కేబుల్, అంటే చేయి తగలకుండా నొక్కే తీగ, తగిలించు. కెమెరా బొత్తాం నొక్కితే అద్దం లేచి ఊరుకుంటుంది. రెండు సెకన్లు ఆగి కేబుల్ నొక్కితే షట్టర్ తెరుచుకుంటుంది. అద్దం లేచాక నీకు ఏమీ కనిపించదు, అందుకే ఇది గోపురాలకూ నీళ్లకూ పనికొస్తుంది కానీ గెంతే వేషగాడికి కాదు. ఇలా 30వ వంతు సెకను, ఒక్కోసారి 15వ వంతు కూడా నిలబడుతుంది. చేతిలో పట్టుకుంటే 90 మిల్లీమీటర్ల లెన్సుకు 125వ వంతు చాలంటారు. నేనైతే వెలుతురున్నంతసేపూ 250 వదలను.

పగలు 400 వేగం (ఐఎస్ఓ) రీలుతో దేనికీ లోటుండదు. రాత్రి వీధి బల్బుల కింద ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ అనే నలుపు తెలుపు రీలు వేసి, దాన్ని 1600 రీలుగా లెక్కగట్టి కొలత తీసుకో. కడిగే అతనికి ఆ మాట డబ్బా మీద రాసి ఇవ్వు, నోటితో చెబితే మరచిపోతాడు. కాస్త గరుకు వస్తుంది, రానీ. బైరాగి వేషం ఒంటి మీద పూతకు ఆ గరుకు బాగానే ఉంటుంది. రీలుకు పదే బొమ్మలు కాబట్టి మొదటి రోజు రెండు రీళ్లకు మించి వేయకు.

మనిషి ముఖం మీదికి అంత కెమెరా పెట్టేముందు ఒకసారి కళ్లతో అడుగు. వేషం మొక్కుకుని కట్టింది, నీ కోసం కాదు.

నా దగ్గర బోల్టులు రెండున్నాయి, నవారు కూడా కోసి పెట్టాను. బియ్యం మాత్రం మీ ఇంటి నుంచే తెచ్చుకో, మీ అత్తయ్య ఇక ఇవ్వనంటోంది.

మీ మామయ్య