పెద్ద జట్టులో బెంచీయా, చిన్న జట్టులో బంతా?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి నడిపే చోట ఆడుతుంది. ఏటా ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంటు చివరి నాలుగు జట్లలో చోటు) ఆశించే ఒక యూనివర్సిటీ, ఎప్పుడో తప్ప జాతీయ టోర్నమెంటుకు రాని మరో యూనివర్సిటీ, రెండూ ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నాయి. ఇంట్లో అందరూ పెద్ద పేరున్న దానివైపే మొగ్గుతున్నారు. ఏది మేలు?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఐఐటీలో దొరికిన బ్రాంచా, వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్సా అని మన ఇళ్లలో జరిగే వాదనే ఇది. తేడా ఏమిటంటే, అక్కడ బ్రాంచ్ కాగితం మీద రాసి ఇస్తారు. ఇక్కడ ఆడే నిమిషాలు ఎవరూ రాసివ్వరు. కాబట్టి వాటిని మీరే లెక్కేసుకోవాలి.

మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో అయిదుగురు. అంటే జట్టు మొత్తం పంచుకునేది 200 నిమిషాలు. మొదటి అయిదుగురు తలా 30 ఆడితే 150 అయిపోయాయి. మిగిలిన 50లో ఆరో అమ్మాయికి ఓ 20, ఏడో అమ్మాయికి 15, ఎనిమిదో అమ్మాయికి 10 పోగా మిగిలేది అయిదే. జట్టులో 15 మంది దాకా ఉంటారు. ఆ తర్వాతి వాళ్లకు వార్మప్పూ చప్పట్లూ. అందులోనూ పాయింట్ గార్డ్ చోటు మరీ ఇరుకు. బుట్ట దగ్గర పోస్టులో ఇద్దరు కలిసి ఆడొచ్చు గానీ, బంతి నడిపేది ఒక్కరే.

యూనివర్సిటీ క్రీడా విభాగం సైట్లో ప్రతి మ్యాచ్ బాక్స్ స్కోరూ, అంటే ఎవరు ఎన్ని నిమిషాలు ఆడి ఎన్ని పాయింట్లు చేశారో చెప్పే పట్టికా ఉంటుంది. తల్లిదండ్రులు పొరబడేది అక్కడే. నవంబరు మ్యాచ్‌లు తీసి చూస్తారు. అప్పుడు బలహీన జట్ల మీద 50 పాయింట్ల తేడాతో గెలుస్తూ కొత్త పిల్లలకు 18 నిమిషాలు ఇస్తారు. అదే అమ్మాయి పేరు ఫిబ్రవరిలో వెతకండి. గట్టి ప్రత్యర్థి, బయటి ఊరు, 10 పాయింట్ల లోపు తేడా ఉన్న మ్యాచ్‌లు ఓ ఆరు తీసుకుని నిమిషాల గడి మాత్రమే చూడండి. ఆ 18 కాస్తా 4 అయ్యుంటే, కోచ్ కొత్తవాళ్లను నిజంగా ఎంత నమ్ముతారో తెలిసినట్టే. గత మూడు సీజన్లకు ఇలా చేయండి. తర్వాత మీ అమ్మాయి చేరే ఏడు ఆ జట్టులో ఏ గార్డులు ఏ సంవత్సరంలో ఉంటారో రాసుకోండి. వాళ్లు వెళ్లిపోయాక ఖాళీ వస్తుందని గట్టిగా నమ్మకండి. వేసవికి ముందే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (యూనివర్సిటీ మారాలనుకునే క్రీడాకారులు పేరు వేసుకునే జాబితా) నుంచి అనుభవమున్న గార్డును తెచ్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది.

అలాగని పెద్ద జట్టు బెంచీ అంటే దండగ అని కాదు. కమిల్లా కార్డోసో 2021లో సిరక్యూజ్ నుంచి సౌత్ కరోలినాకు వచ్చి, రెండు సీజన్లు అలియా బోస్టన్ వెనక ఆడింది. 2024లో ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి అయింది, అదే ఏడు డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్) జట్లు కొత్త క్రీడాకారిణులను వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో మూడో స్థానంలో వెళ్లింది. అదే జట్టులో ఎక్కువగా బెంచీ మీది నుంచే దిగిన లెటీషియా అమిహీర్‌ను 2023లో ఎనిమిదో స్థానంలో ఎంచుకున్నారు. రోజూ ప్రాక్టీసులో ఎదురయ్యే వాళ్లే దేశంలో మేటి కావడం వల్ల వచ్చే లాభం అది. ఇదే జట్టులో మిలేషియా ఫుల్‌వైలీ కథ వేరు. 2025లో ఆ జట్టు ఆడే ఆగ్నేయ కాన్ఫరెన్స్‌లో, బెంచీ నుంచి దిగేవాళ్లకిచ్చే ఉత్తమ ఆరో క్రీడాకారిణి అవార్డు తీసుకుని, అదే ఏడు ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారిపోయింది.

నిమిషాలే కాదు, పాత్ర మారినా తేడా వస్తుంది. హేలీ వాన్ లిత్ లూయీవిల్‌లో మ్యాచ్‌కు దాదాపు 20 పాయింట్లు చేసేది. జాతీయ చాంపియన్ ఎల్‌ఎస్‌యూకు వెళ్లి పాయింట్ గార్డ్‌గా ఆడాల్సి వచ్చేసరికి సగటు 12కు దిగింది. తర్వాత టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) పుంజుకుని, ఆ జట్టును 2025లో తొలిసారి ఎలీట్ ఎయిట్‌కు, అంటే జాతీయ టోర్నమెంటు చివరి ఎనిమిది జట్లలోకి తీసుకెళ్లింది. కాబట్టి కోచ్‌ను ‘ఎన్ని నిమిషాలు ఇస్తారు’ అని అడక్కండి, జవాబు తియ్యగానే వస్తుంది. ‘మొదటి ఏడాది మా అమ్మాయి ఎవరి బదులు దిగుతుంది? పిక్ అండ్ రోల్‌లో (ఒకరు ప్రత్యర్థికి అడ్డు నిలిచి ఇంకొకరికి దారి ఇచ్చే ఎత్తులో) బంతి ఎవరి చేతిలో ఉంటుంది?’ అని అడగండి. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? మోకాలు దెబ్బతింటే ఏమిటి? ఈ రెండూ మాత్రం ఒప్పందంలోనే ఉండాలి.

మా అభిప్రాయం: దేశంలో మొదటి పదిమందిలో ఉన్న అమ్మాయి ఎక్కడికెళ్లినా ఆడుతుంది. ఆ తర్వాతి వరసలో ఉన్న అమ్మాయికే ఈ ఎంపిక ప్రాణం. ఫిబ్రవరి బాక్స్ స్కోర్లలో కొత్త గార్డులకు 12 నిమిషాలైనా కనబడకపోతే రెండో యూనివర్సిటీయే నయం.

ప్రశ్న: తారలంతా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ), సౌత్ కరోలినాలకే పోతే ఆట చప్పబడదా? కెయిట్లిన్ క్లార్క్ అయోవాలోనే ఉండి టైటిల్ పోగొట్టుకుంది కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చప్పబడిన రోజులు ఉన్నాయి. యూకాన్ వరసగా 111 మ్యాచ్‌లు గెలిచింది. 2016 డ్రాఫ్టులో మొదటి ముగ్గురూ ఆ జట్టు వాళ్లే. 2017 సెమీఫైనల్లో మిసిసిపీ స్టేట్ చివరి క్షణం బుట్టతో ఆ పరుగుకు అడ్డుకట్ట వేసింది.

క్లార్క్ సొంత రాష్ట్రంలో ఆడి 2023, 2024 ఫైనళ్లు రెండూ ఓడిపోయింది, నిజమే. కానీ 3,951 పాయింట్లతో కాలేజీ ఆటలో పై అంచె అయిన డివిజన్ వన్ రికార్డు ఆమెదే, 2024 డ్రాఫ్టులో మొదటి పేరూ ఆమెదే. ఆ ఏటి మహిళల ఫైనల్‌ను టీవీలో చూసినవాళ్లు పురుషుల ఫైనల్ చూసినవాళ్ల కంటే ఎక్కువ. బంతి మ్యాచ్ అంతా ఆమె చేతిలో ఉండటానికి వీలున్న జట్టు కావడమే దానికి మూలం.

ఇంకో సంగతి. ఎజా విల్సన్ 2014లో సొంతూరికి దగ్గరని సౌత్ కరోలినాలో చేరేటప్పటికి ఆ జట్టుకు ఒక్క టైటిలూ లేదు. 2017లో మొదటిది వచ్చింది. ఈరోజు మనం పెద్ద జట్టు అంటున్నది అలా అయినదే.

ప్రశ్న: మా అమ్మాయి హెచ్-4 (నా ఉద్యోగ వీసా మీద ఆధారపడిన) వీసా మీద ఉంది. ప్రకటనల డబ్బు తీసుకోవచ్చా?
– ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: స్కాలర్‌షిప్‌కు అడ్డు లేదు. ప్రకటనల డబ్బు దగ్గరే చిక్కు. 2021 జులై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకోవచ్చని ఆట నియమాలు ఒప్పుకున్నాయి గానీ, వీసా నియమాలు మారలేదు. హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతి లేదు. 21 నిండితే ఆ హోదా పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కు మారినా బయట పని మీద కట్టడి ఉంటుంది. షూటింగుకు వెళ్లడం, డబ్బు తీసుకుని పోస్టు పెట్టడం పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. 2025 జులై నుంచి యూనివర్సిటీలే తమ క్రీడా ఆదాయంలోంచి నేరుగా ఇస్తున్న వాటాకూ ఇదే జాగ్రత్త. ఇమిగ్రేషన్ లాయరు రాతపూర్వకంగా సరే అనేదాకా సంతకం పెట్టనివ్వకండి. పెద్ద జట్టు, చిన్న జట్టు బేరీజు వేసేటప్పుడు ఈ డబ్బును లెక్కలోంచి తీసేయండి.

ప్రశ్న: నచ్చకపోతే మారిపోవచ్చుగా, ఇంత ఆలోచన ఎందుకు?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు, చదువు సరిగ్గా ఉంటే. ఆ చివరి మాటే ముఖ్యం. డిగ్రీలో రెండో ఏడు ముగిసేసరికి 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తి కావాలి. కొత్త యూనివర్సిటీ పాత క్రెడిట్లన్నీ ఒప్పుకోకపోతే ఆ శాతం పడిపోతుంది, ఆట ఆగుతుంది. ఇంజినీరింగు, ప్రీ-మెడ్ పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువ. పోర్టల్‌లో పేరు వేయకముందే ట్రాన్‌స్క్రిప్ట్ చేతిలో పెట్టుకుని, ఏ కోర్సుకు ఏది సరిపోతుందో అడగాలి. పేరు వేశాక పాత స్కాలర్‌షిప్ ఉంటుందన్న హామీ కూడా లేదు.