అమెరికాలో నల్లజాతివారికి ఓటు హక్కు వచ్చింది 1870లోనా, 1965లోనా?

రాజ్యాంగం ప్రకారం 1870లోనే. 1965లో వచ్చింది కొత్త హక్కు కాదు, ఉన్న హక్కును అమలు చేయించే చట్టం.

జాతి, రంగు, గతంలో బానిసగా ఉండటం అనే కారణాలతో ఎవరికీ ఓటు నిరాకరించకూడదని 1870 నాటి 15వ సవరణ చెబుతుంది. ఓటరు అర్హతలు నిర్ణయించే అధికారం మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. లొసుగంతా అక్కడే. దక్షిణాది రాష్ట్రాలు జాతి పేరెత్తకుండానే ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్ష లాంటి షరతులు పెట్టాయి.

లూసియానానే చూడండి. ఓటరుకు చదువో ఆస్తో ఉండాలని 1898లో అక్కడ నిబంధన పెట్టారు. అయితే 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటు ఉంటే మినహాయింపు! ఆ తేదీకి అక్కడి నల్లవారికి ఓటే లేదు కాబట్టి, మినహాయింపు ఎవరి కోసమో వేరే చెప్పనక్కర్లేదు. ఓక్లహామాలోని ఇలాంటి నిబంధనను సుప్రీంకోర్టు 1915లో కొట్టేసినా మిగతా అడ్డంకులు అలాగే సాగాయి. వివక్ష ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆ పరీక్షలను నిలిపేసి, ఓటర్ల నమోదుకు కేంద్ర అధికారులను పంపే వీలు 1965 చట్టంతో వచ్చింది.

15వ సవరణ అందరికీ ఓటు ఇచ్చిందనుకోవడం మరో పొరపాటు. మన 326వ అధికరణలా వయోజనులందరికీ ఓటు అని అందులో లేదు. స్త్రీ అన్న కారణంతో ఓటు నిరాకరించకూడదని రాజ్యాంగంలో చేరింది 1920లో, 19వ సవరణతో.